కాలిపోయేవాటికీ చందా ఇద్దాం

ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల కూచిపూడికి ముందు ఇక్కడి మన తెలుగు సంఘం సేవా కార్యక్రమాల వీడియో వేశారు. శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి వైపు ఒక హైస్కూలు. సీలు తీయని రోబో కిట్లు పట్టుకుని పిల్లలు వరసగా నిలబడ్డారు. పెట్టెల మీద దాతల పేర్లు. "మన పల్లె పిల్లలు ఎలక్ట్రానిక్స్ ముట్టుకోవడం ఇదే మొదటిసారి" అని మైకులో అనగానే హాలంతా చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది.

ఎందుకంటే సంక్రాంతి సెలవులయ్యాక నేను ఆ బడికి వెళ్ళాను. మా మేనకోడలు అక్కడ ఎనిమిదో తరగతి. ఆ పెట్టెలు హెడ్మాస్టర్ గారి గదిలో, బీరువాలో, తాళం వేసి ఉన్నాయి. ఆయన్ని అనడం తేలిక. కానీ స్టాకు రిజిస్టరులోకి ఎక్కిన ప్రతి వస్తువునీ ఆయన బదిలీ అయ్యేటప్పుడు లెక్క చూపించి అప్పగించాలి. చక్రం ఊడిన రోబోకి సంజాయిషీ ఎవరు రాసుకుంటారు? చుట్టాలొచ్చినా షోకేసులో గాజు గ్లాసులు బయటికి తీయని ఇళ్ళలో పెరిగినవాళ్ళం, మనకి ఆ భయం తెలియనిదా?

అదే వరండా చివరి గదిలో మాత్రం పండగలా ఉంది. ఫిజికల్ సైన్స్ మాస్టారు సొంత డబ్బుతో కొన్న ఎల్‌ఈడీ దీపాలు, కరెంటుని అదుపు చేసే రెసిస్టర్లు, స్విచ్చుల్లా పనిచేసే బీసీ547 ట్రాన్సిస్టర్లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు బల్లల మీద పరిచి ఉన్నాయి. ఒకడు రెసిస్టర్ పెట్టకుండానే ఎల్‌ఈడీని బ్యాటరీకి తగిలించాడు. ఒక్క క్షణం భగ్గున వెలిగి ఆరిపోయింది.

"మాస్టారూ, కాలిపోనాది!"

"కాలనీరా. ఎందుకు కాలిపోనాదో సెప్పు ముందు."

బోర్డు మీద లెక్క వేయించారు. తొమ్మిదిలోంచి ఎర్ర ఎల్‌ఈడీ తీసుకునే రెండు వోల్టులు పోతే ఏడు. దాన్ని పెట్టాల్సిన రెసిస్టర్ 330 ఓములతో భాగిస్తే దాదాపు 21 మిల్లీయాంపియర్లు. ఓమ్ నియమం వాడికిక జన్మలో మర్చిపోయే పాఠం కాదు.

మా మేనకోడలి జట్టు చీకటి పడితే దానంతట అదే వెలిగే దీపం చేస్తోంది. వెలుతురుని బట్టి నిరోధం మారే ఎల్‌డీఆర్ అనే రెసిస్టర్ ఉంది అందులో. వెలుతురు ఉన్నంతసేపూ దాని నిరోధం తక్కువ, ట్రాన్సిస్టర్ నిద్రపోతుంది. నీడ పడితే నిరోధం పెరిగి, ట్రాన్సిస్టర్‌ని మేల్కొలిపే కాలు (బేస్) దగ్గర వోల్టేజి 0.6 దాటుతుంది, దీపం వెలుగుతుంది. పిల్ల అరచెయ్యి అడ్డం పెట్టింది, వెలిగింది. తీసింది, ఆరింది. ఇది ఎందుకు చేస్తున్నావమ్మా అంటే, "తుపానుకి కరెంటు పోతాది కదా మావయ్యా" అంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకూల్చినప్పుడు రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊళ్ళు అవి. అలాంటి పిల్లల గురించా "మొదటిసారి" అన్నది?

దాతల మంచి మనసుని శంకించడం లేదు. కిట్లూ కావాలి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే కిట్టులోని సర్క్యూటు బోర్డు ఉండాల్సిందే. అయితే బడుల్లో పిల్లలు చేతులతో ప్రయోగాలు చేసే ల్యాబుల కోసం 2016లో కేంద్రం మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం చూడండి. బడికి 20 లక్షల దాకా ఇస్తే, అందులో సగం ల్యాబు పెట్టడానికి, సగం దాన్ని కొన్నేళ్ళు నడపడానికి. సర్కారుకి తట్టిన ఆ రెండో సగం మనకి తట్టలేదు. కార్యవర్గంలో ఒకరిని అడిగితే, "అవన్నీ చిల్లర ఖర్చులండీ, వాటికి ఫొటో ఏం వస్తుంది?" అన్నారు. ఇక్కడ మన పిల్లల రోబోటిక్స్ క్లబ్బులకి మోటార్లు కాలిపోతే మళ్ళీ కొంటున్నాం, ఎవరైనా సంజాయిషీ అడిగారా?

కాబట్టి అయ్యా, అమ్మా, రెండు పనులు చేద్దాం. ఇవి వాడి పాడుచేయడానికే ఇచ్చాం, విరిగినా తిరిగి అడగం అని సంఘం లెటర్‌హెడ్ మీద హెడ్మాస్టర్ గారికి ఒక ఉత్తరం రాద్దాం. ఏటా జూన్‌లో బడి తెరిచేసరికి బ్యాటరీలకీ, వైర్లకీ, రూపాయీ రెండు రూపాయల ఎల్‌ఈడీలకీ కొంత సొమ్ము, మాస్టారు విశాఖ వెళ్ళి కొనుక్కురావడానికి బస్సు చార్జీలతో సహా, పంపుదాం. పేరు పలకలు వద్దు. వచ్చే బడ్జెట్ మీటింగు అజెండాలో దీన్ని చేర్చమని కార్యదర్శి గారికి ఈమెయిల్ పెట్టాను. మీరూ ఒక ముక్క రాయండి.