చెరువు కిటికీలో, చేప ఫ్రీజర్లో

కాకతీయులు గొప్పవాళ్లే, కాదనను. పాకాల, రామప్ప, లక్నవరం అంటూ ఒకదాని వెనక ఒకటి చెరువులు తవ్వించారు. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టు వేశారు. ఇంత తెలివైన రాజులకు చెరువు దేనికన్నది మాత్రం చివరిదాకా అంతుపట్టలేదు. వరి పండించడానికి అనుకున్నారు పాపం. తూములు పెట్టారు, కాలువలు తీశారు. చెరువు పక్కన అద్దాల గోడ కట్టి, దాని వెనక నాలుగు కుర్చీలు వేసి, పన్నీర్ టిక్కాకు రెట్టింపు డబ్బులు తీసుకోవచ్చన్న ఆలోచన అంత పెద్ద రాజ్యంలో ఒక్కరికీ రాలేదు. ఆ లోటును మన తరం పూడ్చింది. అక్కడక్కడ చెరువును కూడా పూడ్చింది.

ఇప్పుడు శనివారం సాయంత్రం హన్మకొండలో ఇంట్లో వంట చేసుకునే కుటుంబాన్ని వాడకట్టంతా జాలిగా చూస్తోంది. ఏమన్నా ఇబ్బందులున్నాయా అని అడుగుతున్నారు. కుక్కర్ విజిల్ పక్కింటికి వినపడకుండా జాగ్రత్త పడాల్సి వస్తోంది. నక్కలగుట్ట నుంచి కాజీపేట దాకా ఎక్కడ చూసినా మండీలు, కుండ బిర్యానీలు, బకెట్ బిర్యానీలు. బియ్యం, మాంసం అవే. ఏ పాత్రలో పెట్టి తెస్తారన్నదే పోటీ. రేపు ఎవరో బిందె బిర్యానీ పెడతారు, మనం ప్రారంభోత్సవానికి వెళ్లి సెల్ఫీ దిగుతాం. అయితే ఇన్నింటి మీదా గెలిచింది మాత్రం రెండు ముక్కలు: లేక్ వ్యూ. భద్రకాళి చెరువో వడ్డేపల్లి చెరువో మూడో అంతస్తు నుంచి మూల తిరిగి మెడ చాచితే కనిపించినా చాలు, బోర్డు మీద ఆ రెండు ముక్కలు ఎక్కుతాయి, మెనూలో ధరలు కూడా వాటితో పాటు మేడెక్కుతాయి.

అద్దం పక్క టేబుల్ దొరకడమంటే మాటలు కాదు. దానికి ముందే ఫోన్ చేసి చెప్పుకోవాలి, మేనేజర్ ఊరివాడైతే ఊరి పేరు చెప్పాలి, కాకపోతే పుట్టినరోజు అని అబద్ధమైనా ఆడాలి. ఇంత చేసి కుటుంబమంతా తయారై చేరుకునేది రాత్రి ఎనిమిదిన్నరకు. ఆ వేళకు చెరువు ఎక్కడుంటుంది? బయటంతా చీకటి, లోపలంతా లైట్లు. అద్దంలో కనిపించేది మనమే. మన వెనక టేబుల్ వాళ్లు, వాళ్ల వెనక వాష్ బేసిన్, దాని ముందు పుక్కిలిస్తున్న పెద్దమనిషి. పిల్లలు చెరువేది అని అడుగుతారు. అదిగో అని తండ్రి అద్దం మీద వేలు పెట్టి చూపిస్తాడు. ఆ వేలు సరిగ్గా ఆయన పొట్ట ప్రతిబింబం మీద పడుతుంది. అయినా ఎవరూ ఫిర్యాదు చేయరు. చెరువు ఉందన్న నమ్మకంతోనే స్టార్టర్లు అయిపోతాయి.

ముందు నీళ్ల సంగతి. వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువులు ఈ ఊరి తాగునీటికి ఆధారం. అలాంటి నీటి ఎదుట కూర్చోబెట్టి సర్వర్ అడిగే మొదటి ప్రశ్న: మినరల్ వాటరా సార్, నార్మలా? ‘నార్మల్’ అనేటప్పుడు ఆ గొంతులో పలికే నిస్పృహను ఏ నటుడూ పలికించలేడు. ఇంట్లో అదే నీళ్లు తాగి పెరిగిన పెద్దమనుషులు కూడా పక్క టేబుల్ వాళ్లు వింటున్నారని సీసా తెప్పిస్తారు.

తర్వాత మెనూ. పెళ్లి ఆల్బమ్ అంత బరువు. చైనా అయిపోయాక పంజాబు, పంజాబు దాటాక అరేబియా, ఆ తర్వాత గోదావరి జిల్లాలు, రాయలసీమ. ప్రపంచమంతా తిరిగి అలసిపోయాక, చివరి పేజీలో కూల్‌డ్రింకుల పైన ‘విలేజ్ స్పెషల్’ అని ఓ మూల ఉంటుంది. మనం ఉన్నది అక్కడే. సర్వపిండి ఉంది కదా అని ముచ్చటపడి చెప్పాను. ఇంట్లో దాని లెక్క వేరు. బియ్యప్పిండిలో నానబెట్టిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఎల్లిపాయ కారం వేసి కలిపి, గిన్నె లోపల వేళ్లతో ఒత్తుతూ పల్చగా పరిచి, చూపుడు వేలితో చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి మూత పెడతారు. సన్న మంట మీద అడుగు ఎర్రగా కాలి గిన్నె వదిలేటప్పుడు వచ్చే వాసనకు పక్కింటివాళ్లు ఏదో ఒక పని పెట్టుకుని వస్తారు. ఇక్కడ మాత్రం నల్లటి పలక మీద ఆరు ముక్కలు వచ్చాయి. ఒక్కో ముక్క మీద మయొనీస్ బొట్టు, పక్కన ఓ ఫోర్కు. చిల్లుల్లేవు. సర్వపిండికి చిల్లులెందుకు లేవని అడిగితే మా ఇంటావిడ టేబుల్ కింద కాలు తొక్కింది.

అసలు ఘట్టం అపోలో ఫిష్. చెరువు గట్టున కూర్చుని చేప తినకపోతే ఎలా అని తెప్పించుకుంటాం. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. చెరువుల్లో పెంచడానికి ప్రభుత్వం మత్స్యకార సంఘాలకు ఏటా చేపపిల్లలు ఇచ్చే పథకం కూడా ఉంది. ఇవన్నీ మనసులో పెట్టుకుని నేను గర్వంగా అడిగాను.

“తమ్మీ, ఈ చేప ఈ చెరువుదేనా?”

“అయ్యో, కాదు సార్. చెరువు చేప మనం పెట్టం. ఇది కంపెనీ చేప. ముల్లు రాదు, వాసన రాదు.”

“మరి రుచి?”

“దానికి సాస్ ఉంటది సార్.”

కంపెనీ చేప అంటే బాసా. దాని పుట్టిల్లు మెకాంగ్ నది. అంత దూరపు చేప గడ్డకట్టి, డబ్బాలో పడుకుని, మన చెరువు చూడటానికి వచ్చిందంటే లేక్ వ్యూ అన్న మాట చేపకు కూడా వర్తిస్తుందన్నమాట. ఇక ఆ ముక్కల ఎరుపు ఉంది చూశారూ, తిన్న తర్వాత రెండు రోజులు నాలుక మీద నిలిచింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాటా మిర్చి ప్రసిద్ధి పొందిందే దాని రంగు వల్ల. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ మిర్చి కూడా అద్దం అవతలే ఉండిపోయింది. లోపల రంగుకు పొడి డబ్బా ఉంది కదా.

ఓరుగల్లు హోటళ్ల మీద సమీక్షలు రాయడం మనమే కనిపెట్టామనుకుంటున్నాం. కానీ కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో తిప్పే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలోనే పూటకూళ్ల ఇంటి భోజనం ముచ్చట ఉంది. ఒక్క రూకకు కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. చదువుతుంటే నోరూరే మాట నిజమే. కానీ న్యాయంగా చూస్తే ఆ సమీక్షలో లోపాలున్నాయి. కిటికీలోంచి చెరువు కనిపించేదో లేదో కవి చెప్పలేదు. పార్కింగ్ ఊసే లేదు. నెయ్యి ఎంత కొత్తదైతేనేం, మూడు స్టార్లకు మించి ఇవ్వలేం.

పైగా రూక ఇస్తే అయిపోయేది. మన బిల్లు అలా కాదు, చదువుకోవాలి. 5 శాతం జీఎస్టీని కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం అని రెండు వరుసల్లో పంచి రాస్తారు, దాని మీద పేచీ లేదు. సర్వీస్ ఛార్జీని బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు అవి సరైనవేనంది. మంచిదే. వ్యూ ఛార్జీ మీద మాత్రం ఏ కోర్టూ ఏమీ అనలేదు. అది బిల్లులో విడిగా కనిపించదు, పన్నీర్‌లో కలిసి ఉంటుంది.

వ్యూకు కూడా కష్టకాలం వచ్చింది. 2024 నవంబరులో భద్రకాళి చెరువు నీళ్లు వదిలేసి పూడికతీత మొదలుపెట్టారు. అద్దంలోంచి చూస్తే బురద, జేసీబీలు, టిప్పర్లు. ధర తగ్గిందేమో అనుకుని ఆశపడకండి. చెరువు ఉన్నప్పుడు వ్యూ, లేనప్పుడు ‘అభివృద్ధి పనుల వ్యూ’. ఆ పూడిక మట్టిని పొలాల్లో వేస్తే పంట పండుతుంది, ఆ పంటకు మెనూలో ‘ఆర్గానిక్’ అని పేరు పెడితే మళ్లీ మనమే కొనుక్కోవాలి.

పది హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదని నిబంధన ఉంది. దాన్ని బఫర్ జోన్ అంటారు. వ్యాపార దృష్టితో చూస్తే అది కార్లు పెట్టుకోవడానికి అనువైన స్థలం. ఇలా మనం చెరువు వైపు జరుగుతూ పోతే అది మాత్రం ఊరుకుంటుందా? 2023 జూలై వానల్లో, మళ్లీ 2025 అక్టోబరులో మొంథా తుపానుకు అదే మన వైపు వచ్చింది. నాలాలు పొంగి కాలనీలు మునిగాయి. ఆ రోజుల్లో మా ఊళ్లో టీ కొట్లకు కూడా లేక్ వ్యూ వచ్చింది. అంత మంచి అవకాశం కళ్లముందు పెట్టుకుని ధర పెంచకుండా ఐదు రూపాయలు, పది రూపాయలకే టీ అమ్మిన వాళ్లకు వ్యాపారం ఎప్పటికి తెలుస్తుందో.

మృగశిర కార్తె వచ్చిందంటే మాత్రం ఊరికి చేప గుర్తొస్తుంది. మొన్నటి కార్తెకు మేం వెళ్లే ఆ హోటల్ ముందు ఫ్లెక్సీ కట్టారు: ‘మృగశిర స్పెషల్ ఫిష్ ఫెస్టివల్’. ఫ్లెక్సీ మీద మీసాలు తిప్పుతున్న కొర్రమీను బొమ్మ, ప్లేట్‌లో యథాప్రకారం బాసా. సరిగ్గా ఆ ఫ్లెక్సీ కిందనే రోడ్డు పక్కన టబ్బుల్లో నీళ్లు పోసి ప్రాణంతో ఉన్న కొర్రమీనులు అమ్ముతున్నారు. ఎగిరిపడి రోడ్డెక్కినదాన్ని పట్టుకుని మళ్లీ టబ్బులో వేస్తున్నారు. కుటుంబాలు వాటిని దాటుకుంటూ, బట్టల మీద నీళ్లు పడకుండా చీరలు, ప్యాంట్లు ఎత్తి పట్టుకుని మెట్లెక్కుతున్నాయి. మాకు కంపెనీ చేప పెట్టిన ఆ సర్వరే డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చి టబ్బు ముందు కూర్చున్నాడు. మొప్పలు ఎత్తి చూశాడు, ఒకటి వద్దన్నాడు, రెండు ఏరుకున్నాడు, కిలోకు యాభై తగ్గించేదాకా లేవలేదు.

“పైన ఫెస్టివల్ ఉంది కదా తమ్మీ” అన్నాను.

“అది కస్టమర్లకు సార్” అన్నాడు.