ఇచ్చట జీవితానికి దిక్కు చూపబడును

మా అపార్ట్‌మెంట్ల మధ్య ఒక గద్ద తిరుగుతోంది. కంగారు పడకండి, నిజం గద్ద కాదు. నిజం గద్దను మా పిల్లలు ట్యాబ్‌లో తప్ప చూసి ఎరుగరు. ఇది కథలో గద్ద. మా మేనల్లుడి ఆఫీసు ట్రైనింగ్‌లో ఒకసారి వాలింది. బాబాయి గారి చేతి మీదుగా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నాలుగుసార్లు వాలింది. పోయిన ఆదివారం లైఫ్ కోచ్ గారి భుజమెక్కి మా క్లబ్‌హౌస్‌కే వచ్చేసింది.

కథ మీకూ తెలిసిందే. 40 ఏళ్ళు రాగానే గద్దకు ముక్కు వంకరపోతుంది, గోళ్ళు పట్టు తప్పుతాయి, రెక్కలు బరువెక్కుతాయి. అప్పుడది కొండ కొమ్ముకు పోయి, ముక్కును బండకేసి కొట్టి ఊడగొట్టుకుంటుంది. కొత్త ముక్కు వచ్చాక దాంతో గోళ్ళు పీక్కుంటుంది. కొత్త గోళ్ళు వచ్చాక వాటితో ఈకలు పీక్కుంటుంది. ఇలా 150 రోజులు పీకాక ఇంకో 30 ఏళ్ళు హాయిగా బతుకుతుంది. కనుక లేఆఫ్‌లో ఉద్యోగం పోయిన సోదరా, నువ్వు కూడా!

ఈ కథ కట్టినవాడు కనీసం కోడినైనా దగ్గరగా చూసినట్టు లేదు. పక్షి ముక్కు మన గోరులాగే పెరుగుతూ అరుగుతూ ఉంటుంది. దాన్ని మొదలంటా ఊడగొట్టుకున్న గద్ద తిండి తినలేదు. తిండి లేని గద్ద 150 రోజులు కాదు, నెల తిరక్కుండానే పోతుంది. పోనీ, శాస్త్రం సంగతి వదిలేద్దాం. నా గొడవ కొండ గురించి. ఏ కొండ సార్? మా హైదరాబాద్ శేరిలింగంపల్లి వైపు గద్ద వచ్చి ముక్కు కొట్టుకోవడానికి ఖాళీ బండ ఒక్కటి చూపించండి. దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసున్న రాళ్ళవి. నాలుగంతస్తుల సెల్లారు కోసం వాటిని పేల్చి, కంకర చేసి, ఆ కంకరతోనే పైన 30 అంతస్తులు లేపుతున్నాం. గద్ద వస్తే ముందు దానికి హెల్మెట్ ఇవ్వాలి.

సరే, వర్క్‌షాపు. వారం ముందే లిఫ్టులో పోస్టరు వేశారు. సూర్యోదయం, దాని ముందు నిలబడిన చుక్కల జింక, కింద "మీ జీవితానికి దిక్కు తెలుసా?" అని పెద్దక్షరాలు. ప్రవేశం ఉచితం, భోజనం మాత్రం అడ్వాన్స్‌డ్ మాడ్యూల్‌లో చేరినవారికే.

నిజానికి మాకు దిక్కుల గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. దిక్కులు చూసుకునే కదా ఫ్లాట్లు కొన్నాం. తూర్పు ముఖానికి ఒక రేటు, ఉత్తర ముఖానికి ఒక రేటు. దక్షిణ ముఖం ఫ్లాటును బంధువులకు చూపించేటప్పుడు మనమే కాస్త తల దించుకుంటాం. పొయ్యి ఆగ్నేయంలో, బీరువా నైరుతిలో, ఈశాన్యంలో బొట్టు నీళ్ళైనా ఉండాలి. నేనూ శుద్ధపూసను కాను. 'ఫారెస్ట్ వ్యూ' అంటే చదరపు అడుగుకు అదనంగా కట్టినవాణ్ణే. ఆ వ్యూలో ఇప్పుడు ఎదురు టవర్ వాళ్ళ వంటింటి చిమ్నీ చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మంచం తల ఎటు ఉండాలో సిద్ధాంతి గారిని అడిగి పడుకునే మాకు జీవితంలో ఎటు పోవాలో తెలియడం లేదట. అందుకని హాలు నిండిపోయింది.

కోచ్ గారు కార్డ్‌లెస్ మైకుతో అటూ ఇటూ నడుస్తూ మొదలుపెట్టారు. "ఫ్రెండ్స్! చీమను చూసి డిసిప్లిన్ నేర్చుకోండి." అంతకు గంట ముందే పెస్ట్ కంట్రోల్ కుర్రాడు ఆ హాల్లో చీమలన్నిటికీ మందు కొట్టి వెళ్ళాడు. "తాబేలును చూసి నిదానం నేర్చుకోండి." నిదానమే ప్రధానం, నిజమే. మరి మా పక్కనే కంచ గచ్చిబౌలిలో ఉండే నక్షత్ర తాబేలు అదే నిదానంతో పొక్లెయిన్‌కు ఎలా అడ్డు తప్పుకోవాలో ఆయన స్లైడ్లలో లేదు. "సాలీడును చూసి పట్టుదల నేర్చుకోండి." మురీసియా హైదరాబాదెన్సిస్ అని ఒక సాలీడు ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే దొరికింది. ఈ ఊరి పేరు పెట్టించుకున్నందుకు అదిప్పుడు ఎంత కుమిలిపోతోందో.

తర్వాత ఆయన అసలు సంగతికొచ్చారు. "గోల్‌ని ఎలా పట్టుకోవాలి? చెప్పండి, ఉడుం...?"

"పట్టు!" అని హాలంతా.

"వినపడలేదు!"

"ఉడుం పట్టు! ఉడుం పట్టు!" పిడికిళ్ళు లేచాయి. బీపీ మాత్ర వేసుకుని వచ్చిన రిటైర్డ్ ఇంజినీరు గారు కూడా పిడికిలి లేపారు.

పిలిచినట్టే, స్టేజీ పక్కనున్న ప్లాస్టిక్ వెదురు కుండీల వెనకనుంచి ఉడుము బయటికొచ్చింది.

మూడడుగులుంటుంది. మట్టి రంగు. గ్రానైట్ గచ్చు మీద కాళ్ళు జారుతుంటే అయోమయంగా ఆగి, నాలుక చాపింది. ఉడుము నాలుక పాములాగా రెండుగా చీలి ఉంటుంది. వాసన కుడినుంచి ఎక్కువ వస్తోందా, ఎడమనుంచా అని ఆ రెండు కొసలతో తేల్చుకుని అది దారి పడుతుంది. అంటే ఆ హాల్లో ఉన్న అందరిలోకీ పుట్టుకతో దిక్కు తెలిసిన జీవి అదొక్కటే. పైగా ఫీజు లేకుండా.

ఆ తర్వాత జరిగినదాన్ని నేను ఉన్నదున్నట్టు రాస్తాను. కంఫర్ట్ జోన్ దాటి బయటికి రమ్మని అరగంటగా మమ్మల్ని తరుముతున్న కోచ్ గారు టేబుల్ ఎక్కారు. ఒకావిడ "మొసలి, మొసలి" అని అరిచారు. ఒక కుర్రాడు రీల్ తీయడం మొదలుపెట్టి, ఉడుము సరిగా నడవలేదని ఇంకోసారి రమ్మన్నాడు. రిటైర్డ్ ఇంజినీరు గారు "మా ఊళ్ళో అయితే దీన్ని..." అని చప్పరించబోయి, వన్యప్రాణి చట్టం గుర్తొచ్చి మిగతాది మింగేశారు. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు మాత్రం నిబ్బరంగా నిలబడి, "ఇది ఏ ఫ్లాటుకి వచ్చింది? యాప్‌లో ఎంట్రీ ఉందా? పెంపుడు జంతువైతే సర్వీస్ లిఫ్టే వాడాలని సర్క్యులర్ ఇచ్చాం కదండీ!" అన్నారు.

పాలమూరు నుంచి వచ్చిన మా సెక్యూరిటీ గార్డు ఒక్కడే నవ్వాడు. "భయపడకుండ్రి సార్. ఉడుం. ఏమనదు. మీ స్విమ్మింగ్ పూల్ ఉన్నకాడ పెద్ద పుట్ట ఉండె. దాని జాగనే గది."

"ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేద్దాం" అన్నాను నేను, బాధ్యత గల పౌరుడిగా.

"ఇక్కడ ఫారెస్ట్ ఎక్కడుందండీ?" అన్నారు పక్కాయన. వెటకారం కాదు. నిజంగానే అడిగారు.

ఆ ప్రశ్నకు సర్కారు వారి జవాబు ఉంది కదా! అది అడవి కాదు, కంచ, అంటే ఉత్త బీడు భూమి. అక్కడ పులుల్లేవు, జింకల్లేవు, అభివృద్ధికి అడ్డుపడే కొన్ని గుంటనక్కలున్నాయంతే. నేనన్న మాట కాదిది, 2025 మార్చిలో సాక్షాత్తు ముఖ్యమంత్రి గారు అసెంబ్లీలో చెప్పిన భావం. 200కు పైగా పక్షి జాతులు కనిపించే సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న ఆ కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు. ఉగాదికీ రంజాన్‌కీ వరసగా సెలవులొచ్చాయి. కోర్టులు మూసి ఉంటాయి, ఆఫీసుల్లో ఎవరూ ఉండరు. ఆ ముహూర్తం చూసుకుని సర్కారు వారు చెట్లు కొట్టడానికి జేసీబీలు దింపారు. మనం ఇళ్ళల్లో పంచాంగ శ్రవణం చేస్తూ, ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని లెక్కపెట్టుకుంటున్నాం. అక్కడ రాత్రిపూట ఫ్లడ్‌లైట్ల కింద చెట్లు కూలుతుంటే నెమళ్ళు అరుస్తున్నాయి. అడ్డుపడిన యూనివర్సిటీ పిల్లల్ని పోలీసు వ్యాన్లలో పడేశారు.

దిక్కున్న చోట చెప్పుకోమన్నట్టే చేశారు కదా! పాపం వాళ్ళు నిజంగానే వెళ్ళి చెప్పుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి దాదాపు 100 ఎకరాల చెట్టూ చేమా నేలమీదుంది. చెట్లు కొట్టడానికి అనుమతులేవి, సెలవుల్లోనే ఎందుకంత తొందర అని తర్వాత కోర్టే అడిగింది.

ఆ వారంలోనే ఒక చుక్కల జింక క్యాంపస్‌లో కుక్కల నోట పడి చచ్చిపోయింది. చుక్కల జింకంటే ఎవరో కాదు, 2014లో మనమే ఎంచి, ఏరి, రాష్ట్ర జంతువని ప్రకటించుకున్నది. ఆ రోజుల్లో వైరల్ అయిన వీడియోలు ఏఐ సృష్టి అన్నారు సర్కారు వారు. కొన్ని నిజంగానే ఏఐ సృష్టి, ఒప్పుకుంటాను. ఆ జింక ఏఐ కాదు. దాని ఒంటి మీది గాయాలు ఏఐ కాదు. దానికి ఎటు పోవాలో తెలియక కాదు. తరాలుగా తెలిసిన దారినే పరిగెత్తింది. దారి చివర ఉండాల్సిన పొదను మనం పీకేశాం. అది రోడ్డెక్కితే "దారితప్పి వచ్చిన జింక" అని వార్త రాస్తాం. ఎవరయ్యా దారితప్పింది? ఉన్నచోటే ఉన్న జంతువు చుట్టూ ఊరు తెచ్చి కట్టి, అది మన పార్కింగ్‌లోకి వచ్చిందని ఫిర్యాదు చేయడానికి సిగ్గుండాలి. మళ్ళీ అదే జింక బొమ్మ లిఫ్టులో అంటించుకుని మన బతుక్కి దిక్కు చూపమని అడుక్కుంటాం!

క్షమించాలి. క్లబ్‌హౌస్‌కి వద్దాం.

గార్డు ఒక తుడుపు కర్ర, ఒక బియ్యం సంచి తెచ్చి, అయిదు నిమిషాల్లో పని కానిచ్చాడు. ఉడుం పట్టు మీద ఉపన్యాసం ఇచ్చిన ఆయన చేతులు టేబుల్ అంచుని ఎంత గట్టిగా పట్టుకున్నాయో, ఉడుము గచ్చుని అంత వదులుగా పట్టుకుంది. నున్నటి గ్రానైట్ కదా, పట్టు ఎక్కడ దొరుకుతుంది? అందరూ చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంట్ గారు గార్డుని మెచ్చుకుని, సంచి ఖర్చు మెయింటెనెన్స్‌లో చూపిస్తామన్నారు.

గార్డు సంచి మూతి పట్టుకుని అడిగాడు. "ఏ దిక్కుకు ఇడువాలె సార్?"

ఎవరూ మాట్లాడలేదు. పడమర తెల్లాపూర్ టవర్లు, వాటి వెనక ఔటర్ రింగు రోడ్డు. ఉత్తరాన లింగంపల్లి, రైలు పట్టాలు. దక్షిణాన గోపన్‌పల్లి దాటితే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. తూర్పున యూనివర్సిటీ ఉంది. మంచి దిక్కే, వాస్తు ప్రకారం కూడా. కానీ మధ్యలో రోడ్డు, రోడ్డు అవతల గోడ, గోడ అవతల రేపేముంటుందో. ఇంతమంది సిద్ధాంతుల్ని పోషించిన కాలనీలో ఒక ఉడుముకు దిక్కు చెప్పగలిగినవాడు లేడు. చివరికి అందరం టేబుల్ మీదికి చూశాం.

కోచ్ గారు నెమ్మదిగా కిందికి దిగి, కుర్తా సర్దుకుని, మైకు ఆన్ చేశారు. "వెరీ పవర్‌ఫుల్ క్వశ్చన్, ఫ్రెండ్స్. ఇది మనం అడ్వాన్స్‌డ్ మాడ్యూల్‌లో మాట్లాడుకుందాం."

జనం భోజనాల వైపు కదిలారు. గార్డు సంచిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని, ఇంకా నా వైపే చూస్తున్నాడు.