రాగి తీగ తరఫున వకాల్తా

ఫైబర్ వచ్చాక తిరుపతిలో ల్యాండ్‌లైన్ ఫోన్ రాగి తీగను తిట్టనివాళ్లు లేరు. దాని పక్షాన ఒక్కరైనా మాట్లాడాలి కాబట్టి ఈ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

అసలు ఆ తీగను వేసింది మనిషి గొంతు కోసం. 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీలు మోస్తే చాలు, తిరుచానూరు మేనత్త క్షేమం తెలిసిపోయేది. తర్వాత ఫోన్ తీగ మీదే ఇంటర్నెట్ పంపే ఏడీఎస్‌ఎల్ అని ఒకటి తెచ్చి, అదే తీగను 1.1 మెగాహెర్ట్జ్ దాకా మోయమన్నాం. జీతం పెంచామా? కనీసం తుప్పు పట్టిన జాయింట్లయినా మార్చామా?

ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రాగిలో సిగ్నల్ తొందరగా నీరసిస్తుంది. అలిపిరిలో పరుగందుకున్న కుర్రాళ్లు గాలిగోపురం చేరకముందే చతికిలబడతారే, అలా పై ఫ్రీక్వెన్సీలే ముందు కూలబడతాయి. మెల్లగా నడిచే అవ్వలాగా గొంతు మాత్రం ఆఖరుదాకా చేరుతుంది. అందుకే నెట్ చచ్చినా ఫోన్ మోగుతుంది. లైన్‌మన్ వచ్చి రిసీవర్ చెవికి ఆనించి, "డయల్ టోన్ వస్తా ఉంది కదా సార్, ఇంకేం కావాల?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే.

ఏడీఎస్‌ఎల్ టూ ప్లస్ వచ్చాక 24 ఎంబీపీఎస్ వరకు అన్నారు. అబద్ధం కాదు, మీ కాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజి పక్కనే అయితే. ఐదు కిలోమీటర్ల అవతలివాళ్ల మీద మాత్రం ప్రభుత్వానికి దయ ఉండేది: 2004 విధానం ప్రకారం 256 కేబీపీఎస్ వస్తే చాలు, అప్పట్లో అది బ్రాడ్‌బ్యాండే. ఆ వేగంతో 700 ఎంబీ సినిమాకి ఆరు గంటలు. రాత్రి తొమ్మిదికి పెట్టి పడుకుంటే కొండ మీద సుప్రభాతం వేళకి దిగేది. పుణ్యం, పురుషార్థం రెండూ.

కార్తీకం వానలకి జాయింట్లలో నీళ్లు చేరితే ఆ పుణ్యమూ ఉండదు. పైగా ఒకే కేబుల్లో ఆనుకుని పోయే తీగల జతలు ఒకదాని సిగ్నల్‌లో ఇంకొకటి వేలు పెడతాయి. దీన్ని క్రాస్‌టాక్ అంటారు. పక్కింటి సంగతి మనకెందుకనే సంస్కారం రాగికి లేదు, ఒప్పుకుంటున్నాను.

ఇంకా రాగి మీదే ఉన్నవాళ్ల కోసం ఒక సూచన. వెంచర్ల బోర్డుల మీద 'ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు' అని రాస్తారు కదా, కింద ఎక్స్ఛేంజికి దూరం కూడా రాయాలి. కాకి దూరం కాదు, వైరు దూరం. తీగ ఎక్స్ఛేంజి నుంచి రోడ్డు పక్కన పెద్ద కేబుళ్లు విడిపోయే పిల్లరుకీ, అక్కణ్నుంచి ఇళ్లకి లైన్లు పంచే డీపీ బాక్సుకీ ఊరంతా చుట్టుకుని ఇంటికొస్తుంది. ఎదురెదురు ఇళ్లు వేరువేరు పిల్లర్ల కిందికొస్తే స్థలం అంకణం రేటూ రెండు రకాలుగా ఉండాలి. వాస్తు కుదరకపోతే గుమ్మం తిప్పుకుంటారు, ఎక్స్ఛేంజిని ఎటు తిప్పుతారు?