నోటాకు మెజారిటీ వచ్చినా కౌన్సిలర్ ఎన్నికవుతాడు

మున్సిపల్ ఎన్నికల మాట వినబడితే చాలు, మా కుటుంబ గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చి పడుతుంది. ఈసారి పంపింది మా బాబాయి. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: మీ వార్డులో నిలబడ్డవాళ్లెవరూ నచ్చకపోతే అందరూ నోటా నొక్కండి. నోటాకు ఎక్కువ ఓట్లొస్తే ఎన్నిక రద్దవుతుంది, ఇప్పుడు నిలబడ్డవాళ్లంతా మళ్లీ పోటీకి పనికిరారు. ఇండిపెండెంటుకు వేస్తే ఓటు మురిగిపోయినట్టే. లిస్టులో పేరు లేకపోయినా ఆధార్ చూపించి సెక్షన్ 49ఎ కింద ‘ఛాలెంజ్ ఓటు’ వేయొచ్చు. టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్. చదువు లేనివాళ్లు, ముగ్గురు పిల్లలున్నవాళ్లు ఎలాగూ నిలబడలేరు. చివర్లో మామూలే, పదిమందికి పంపండి అని.

బాబాయ్, వార్డులో నిలబడేవాళ్ల మీద మీకున్న కోపం నాకూ ఉంది. కానీ ఈ మెసేజ్ నమ్మి ఓటేస్తే ఆ కోపం ఎందుకూ కొరగాకుండా పోతుంది.

‘నొక్కండి’ అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చిలో జరిగిన మున్సిపల్ ఎన్నికలకు వాడింది బ్యాలెట్ పేపరు. తెలంగాణలో 2020 జనవరిలోనూ అంతే. నొక్కడానికి అక్కడ మీటే లేదు, గుర్తు మీద ముద్ర వేయడమే. మెసేజ్ రాసినాయన పార్లమెంటు ఎన్నికల కబురు తెచ్చి వార్డుకు అతికించాడన్నమాట.

ఇక నోటా. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. అంతకుముందు ఎవరికీ ఓటు వేయకూడదనుకుంటే పోలింగ్ అధికారికి ఆ సంగతి చెప్పాలి, ఆయన రిజిస్టర్‌లో రాసుకుంటాడు, కింద మనం సంతకం పెట్టాలి. ఎదురుగా పార్టీల ఏజెంట్లు కూర్చుని చూస్తూనే ఉంటారు. ఇక రహస్యం ఏముంది? కోర్టు సరిదిద్దింది అదే: వద్దనే మాట కూడా గుట్టుగా చెప్పుకునే వీలు కల్పించింది. నిలబడ్డవాళ్లను ఓడించే శక్తిని నోటాకు ఇవ్వలేదు.

మరి ‘మళ్లీ పోటీకి పనికిరారు’ అన్నది ఎక్కడ పుట్టింది? పూర్తిగా గాలిలోంచి రాలేదు. 2018లో హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘం అక్కడి మున్సిపల్ ఎన్నికలకు ఒక నిబంధన పెట్టింది. నోటాను కూడా ఒక అభ్యర్థిగానే లెక్కేస్తారు, దానికి అందరికంటే ఎక్కువ వస్తే మళ్లీ ఎన్నిక, నోటా కంటే తక్కువ వచ్చినవాళ్లకు ఆ ఎన్నికలో చోటు లేదు. రెండోసారీ నోటాయే ముందుంటే మాత్రం, ఇక చేసేదేమీ లేక, దాని తర్వాత ఎక్కువ వచ్చిన మనిషే గెలిచినట్టు. మహారాష్ట్ర కూడా అదే ఏడాది స్థానిక ఎన్నికల్లో నోటా ముందుంటే మళ్లీ ఎన్నిక పెట్టాలంది, కానీ పాతవాళ్లను ఆపలేదు. స్థానిక ఎన్నికలు నడిపేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర ఎన్నికల సంఘం కాబట్టి హర్యానాలో పెట్టిన నిబంధన హర్యానాకే. నేను పైన చెప్పిన మన రెండు ఎన్నికల్లో అలాంటిది లేదు.

కౌంటింగ్ బల్ల దగ్గర ఏం జరుగుతుందో ఊహించండి. పెట్టె బోర్లిస్తారు, మడతలు విప్పుతారు, అభ్యర్థివారీగా వేరుచేసి కట్టలు కడతారు. మీ వార్డులో 1,000 ఓట్లు పోలయ్యాయనుకుందాం. మీ మెసేజ్ బాగా పనిచేసి 600 మంది నోటాకు వేశారు. మిగిలిన 400లో ఒకాయనకు 150, ఇంకొకాయనకు 140, మూడో ఆయనకు 110. నోటా కట్టలు అందరికంటే ఎత్తుగా ఉంటాయి, ఆ అంకె ఫారంలో ఎక్కిస్తారు, 150 వచ్చినాయనకు సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తారు. వద్దన్న 600 మంది బయట ఉండిపోతారు. తన మనుషులు 150 మంది ఉన్నవాడికి ఇంతకంటే తేలిక ఎన్నిక ఏముంటుంది?

లోక్‌సభ స్థాయిలోనూ ఇదే లెక్క. 2024లో ఇండోర్‌లో నోటాకు 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లొచ్చి రెండో స్థానంలో నిలిచింది. గెలిచినాయన గెలిచాడు, వెళ్లి ప్రమాణం చేశాడు. పైగా అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి, ఆ చెల్లిన ఓట్లలో నోటాను కలపరు. అంటే నోటా పెరిగేకొద్దీ ఆరో వంతు తగ్గుతుంది, గల్లంతయ్యే డిపాజిట్ బయటపడుతుంది! నచ్చనివాడి డబ్బు మనమే కాపాడి ఇచ్చినట్టు.

ఇంకో ముచ్చట మెసేజ్‌లో లేనే లేదు. ఒక్కరే మిగిలితే పోలింగే ఉండదు, కాబట్టి నోటా కూడా ఉండదు. 2021లో పుంగనూరు, మాచర్ల మున్సిపాలిటీల్లో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. అక్కడ నోటా వేద్దామనుకున్న ఓటరుకు బ్యాలెట్ పేపరే అందలేదు.

ఇండిపెండెంటుకు వేస్తే మురిగిపోతుందన్న మాటకు తాడిపత్రిని మించిన జవాబు లేదు. 2021లో అక్కడి 36 వార్డుల్లో టీడీపీకి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, ఇండిపెండెంటుకు ఒకటి వచ్చాయి. చైర్మన్‌ను ఎన్నుకునేది కౌన్సిలర్లు. వాళ్లతోపాటు ఎమ్మెల్యే, ఎంపీలకు పదవి రీత్యా వచ్చే ఎక్స్‌అఫీషియో ఓటు ఉంటుంది. ఆ రెండూ వైసీపీవి కావడంతో అటు 18, ఇటు 18. సీపీఐ కౌన్సిలరు, ఆ ఒక్క ఇండిపెండెంటు టీడీపీ వైపు నిలబడ్డారు, చైర్మన్ పీఠం అటు వెళ్లింది. ఎవరు మంచివాళ్లన్నది వేరే చర్చ. పట్టణం మొత్తానికి చైర్మన్ ఎవరన్నది తేల్చింది మాత్రం ఆ రెండు వార్డుల ఓటర్లు. అదే ఏడాది మైదుకూరులో లెక్క ఇంకోలా తిరిగింది. 24 వార్డుల్లో టీడీపీకి 12, వైసీపీకి 11, జనసేనకు ఒకటి. ఎక్కువ వార్డులు గెలిచిన పార్టీ బయట ఉండిపోయింది, ఎక్స్‌అఫీషియో ఓట్ల అండతో వైసీపీ చైర్మన్ పదవి పట్టుకుపోయింది. ఒక్కో కౌన్సిలర్ కోసం క్యాంపులు నడుస్తాయంటే ఊరికే నడవవు కదా.

ఛాలెంజ్ ఓటు గురించి ఎక్కువ చెప్పను. లిస్టులో పేరు లేకపోతే ఓటు లేదు, ఆధార్ చూపించినా లేదు. ఛాలెంజ్ అనేది ఓటరు చేసేది కాదు, ‘ఈ మనిషి ఆ మనిషి కాదు’ అని బూత్‌లోని ఏజెంటు లేవనెత్తే అభ్యంతరం. 49ఎ అన్నది సెక్షన్ కాదు, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో ఒకటి, అందులో ఉన్నది ఓటింగ్ యంత్రం ఎలా ఉండాలన్నది. మన ఓటు ఎవరో ముందే వేసేస్తే టెండర్ ఓటు ఇస్తారు, అంతవరకు నిజమే. దాన్ని విడిగా కవర్‌లో పెట్టి సీలు వేస్తారు, మామూలు లెక్కింపులో కలపరు. 14 శాతం అన్న అంకె ఏ నిబంధనలోనూ లేదు.

చదువు షరతు రాజస్థాన్, హర్యానాల స్థానిక ఎన్నికల్లో వచ్చిన మాట నిజం. హర్యానా పంచాయతీల చట్టాన్ని సుప్రీంకోర్టు 2015లో సమర్థించింది కూడా. రాజస్థాన్ 2019లో ఎత్తేసింది. మన దగ్గర కౌన్సిలర్‌కు చదువు షరతు లేదు, 21 ఏళ్లు నిండాలి. ఇద్దరు పిల్లల నిబంధన నిన్నమొన్నటిదాకా ఉండేది, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో సవరణ చేసి తీసేసింది. మెసేజ్ రాసినాయనకు ఆ కబురు అందినట్టు లేదు.

అసలు నచ్చనివాళ్లను అడ్డుకునే అవకాశం పోలింగ్ రోజు కంటే చాలా ముందే వస్తుంది, అప్పుడు ఎవరూ మెసేజ్‌లు పంపరు. నామినేషన్ల వారంలో మున్సిపల్ ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. ఏళ్ల తరబడి ఇంటి పన్ను కట్టని పెద్దమనుషులు బకాయి మొత్తం ఒక్కసారే కట్టి రసీదు జేబులో పెట్టుకుంటారు, ఎందుకంటే బకాయి ఉంటే నామినేషన్‌కు గండం. మున్సిపాలిటీ కాంట్రాక్టులో వాటా ఉన్నవాళ్లకూ అంతే. నామినేషన్‌తోపాటు కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు రాసి ఒక డిక్లరేషన్ ఇస్తారు. అది అందరూ చూడదగ్గ కాగితం. మహిళలకు రిజర్వైన వార్డులో ఫ్లెక్సీ మీద భర్త ఫొటోయే పెద్దగా ఉంటుంది కదా, డిక్లరేషన్‌లో మాత్రం ఆమె కేసులు, ఆమె చదువు రాయాల్సిందే. పరిశీలన రోజున ఒక నామినేషన్ మీద రుజువుతో అభ్యంతరం పెట్టొచ్చు. ఉపసంహరణ గడువు ముగిశాక అభ్యర్థుల పేర్లు ఖరారైపోతాయి, ఆ తర్వాత మనం గింజుకున్నా అదే జాబితా.

ఆ జాబితాలో ఇంకో పేరు ఉండాలనుకుంటే దారి ఉంది. అభ్యర్థి ఆ పట్టణంలో ఏ వార్డు ఓటరైనా సరే. ప్రతిపాదించేవాళ్లు మాత్రం పోటీ చేసే వార్డు ఓటరే కావాలి. బాబాయ్, మీ వార్డు లిస్టు చూశాను, మీ పేరూ పిన్ని పేరూ రెండూ ఉన్నాయి.