బలభీముడికి బ్రేకులు నేర్పకండి

ప్రతి అమెచ్యూర్ సైకిల్ రేసింగ్ జట్టులోనూ ఎప్పుడో ఒకప్పుడు ఒక బలభీముడు చేరతాడు. చేరేనాటికి అతను రేసు సైకిలెక్కి ఏడాది కూడా అయి ఉండదు. అంతకుముందు పడవలకి తెడ్లేసో, పరుగు పందేల్లో పాల్గొనో, గదిలో కదలని సైకిల్ మీద చెమటోడ్చో తొడలు పెంచుకుని వస్తాడు. తొక్కే శక్తిని వాట్లలో చూపే పవర్ మీటర్‌లో అతని అంకెలు చూసి జట్టు పెద్దలు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూస్తారు. మొదటి రేసులో నీళ్ల సీసా కోసం అతను ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీసినప్పుడు, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు అతను చేసే ప్రయాణాన్ని కూడా అవే కళ్లద్దాల్లోంచి చూస్తారు. ఇతన్ని ఏం చేయాలన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది.

ఈ విషయమై ఇంతవరకూ జరిగిన చర్చంతా ఒకే దారిలో నడిచింది. ఓపిగ్గా నేర్పాలంటారు. పెద్ద జట్లు అదే చేశాయి కదా అని ఉదాహరణలు చూపిస్తారు. పేరున్న రేసర్ ప్రిమోజ్ రోగ్లిచ్, మంచు మీంచి గాల్లోకి దూకే స్కీ జంపింగ్ నుంచి వచ్చినవాడే. జే వైన్ 2020లో ఇంట్లో కదలని సైకిల్ మీద తొక్కే జ్విఫ్ట్ అకాడమీ పోటీ గెలిచి ప్రొఫెషనల్ జట్టులో చేరాడు, స్పెయిన్‌లో రోజుకో స్టేజీ చొప్పున వారాలపాటు జరిగే పెద్ద రేసు వుయెల్టాలో 2022లో రెండు స్టేజీలు గెలిచాడు. అంతా నిజమే. కానీ ఈ ఉదాహరణలు చెప్పేవాళ్లు ఒక ప్రమాదాన్ని గమనించడం లేదు. నేర్చుకున్నాక వాళ్లు గెలవడం మొదలుపెట్టారు. మన జట్టులో మనం కోరుకుంటున్నది అదేనా?

కాస్త గాలి గురించి చెప్పుకోవాలి. చదును రోడ్డు మీద వేగంగా వెళ్లే సైక్లిస్టు శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. దానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం 10 శాతం పెంచాలంటే ఆ శక్తిని దాదాపు 33 శాతం పెంచాలి. ముందు ఇంకొకడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి ఈ బాధ చాలావరకు తప్పుతుంది. గాలి నిరోధాన్ని పరిశోధించే బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది సైక్లిస్టుల గుంపు మీద చేసిన అధ్యయనంలో, గుంపు లోపల బాగా చాటున్న చోట్ల గాలి నిరోధం ఒంటరిగా వెళ్లేవాడికి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమేనని తేలింది. ఈ లెక్కన సైకిల్ రేసింగ్‌లో అనుభవం అని మనం గౌరవంగా చెప్పుకునేది ముఖ్యంగా ఒకరి వీపు వెనక దాక్కునే విద్య. ఆ విద్యలో మా సీనియర్లు దిట్టలు. ఇన్నాళ్లూ మాకు కొరత వీపులకే. బలభీముడి వీపు చాలా వెడల్పు.

అతని మీద ఫిర్యాదులు లేవని కాదు. వరసలో వంతులు మారుతూ తొక్కేటప్పుడు, వంతంటే వరస ఏ వేగంలో ఉందో అదే వేగం ఉంచి కాసేపు గాలి మొయ్యడం. అతను దాన్ని ప్రతిభా ప్రదర్శన అనుకుంటాడు. వేగం చూడడు, వాట్లు చూస్తాడు. కాసేపటికి అతను దూరంగా చుక్కలా కనిపిస్తాడు, వెనక వరస ముక్కలై ఉంటుంది. ట్రాక్ మీద టీమ్ పర్స్యూట్‌లో నలుగురు 4 కిలోమీటర్లు తొక్కితే, గడియారం ఆగేది మూడోవాడు గీత దాటినప్పుడు. మొదటివాడు ఎంత ముందొస్తే ఎవడిక్కావాలి? రోడ్డు మీద జట్టుగా గడియారంతో పోటీపడి తొక్కే టైమ్ ట్రయల్స్‌లోనూ చాలాచోట్ల ఇలాంటి లెక్కే. ఇదంతా విడమరిచి చెప్తే మావాడు శ్రద్ధగా విని, “అయితే నేను ముందే వెళ్లి గీత దగ్గర మీకోసం ఆగనా అన్నా?” అన్నాడు.

మలుపుల గురించి క్లుప్తంగా చెప్తాను, తలచుకుంటేనే టెన్షన్ వస్తోంది. బ్రేకు మలుపుకి ముందు వెయ్యాలి, అతను మధ్యలో వేస్తాడు. బయటివైపు పెడల్ కిందికి ఉండాలి, అతనిది ఎక్కడాగితే అక్కడుంటుంది. చూపు మలుపులోంచి బయటపడే చోట ఉండాలి, అతని చూపు మీటర్ మీద ఉంటుంది. అతను బ్రేకు పట్టిన ప్రతిసారీ వెనకవాడు ఇంకాస్త గట్టిగా పట్టాలి, ఆ తర్వాత లేచి ఇంకాస్త గట్టిగా తొక్కాలి. వరస చివర్లో ఉన్నవాడు మలుపు మలుపుకీ స్ప్రింట్ చేయాల్సిందే. ఇవేవీ బలభీముడికి తెలియవు. పోయిన వేగాన్ని నాలుగు తొక్కుళ్లలో తెచ్చుకుని హాయిగా వెళ్లిపోతాడు.

ఇవన్నీ చిన్న బాధలు. పెద్దది వేరే ఉంది. మా జట్టువాడొకడు గుంపులోంచి తప్పించుకుని ముందుకి వెళ్లాడనుకోండి. అలాంటి అద్భుతాలు అరుదే గానీ జరుగుతాయి. అప్పుడు గుంపు అతన్ని పట్టుకోకుండా మిగిలిన మా కర్తవ్యం ఏమీ చేయకపోవడం. గుంపు ముందు వరసల్లో కూర్చోవాలి, వెంటాడే ప్రత్యర్థుల చక్రాల వెనక అంటుకోవాలి, వాళ్లు మోచెయ్యి ఊపి ముందుకి రమ్మంటే ఆకాశం వంక చూడాలి. ఇది మాకు సహజంగా వచ్చిన పని. శిక్షణ అక్కర్లేదు. కానీ గుంపు నెమ్మదించడం బలభీముడు భరించలేడు. ఎవరూ తొక్కడం లేదేమిటని చుట్టూ చూస్తాడు. అందరూ అలిసిపోయారనుకుని జాలిపడతాడు. జట్టు పరువు నిలబెట్టే సమయం వచ్చిందని ముందుకెళ్లి, తల దించి, అవతలి జట్లన్నిటినీ తన వీపు చాటున మోసుకుంటూ తీసుకెళ్లి, తప్పించుకున్న మా వాడి పక్కన దించుతాడు. దించి, ఎంతో సంతోషంగా, “దొరికావు అన్నా!” అంటాడు. ఆ అన్న ఏమన్నాడో రాయడం మర్యాద కాదు.

సొంత జట్టువాడి మీదికి వెళ్లడం చరిత్రలో లేనిదేం కాదు. 1986 టూర్ డి ఫ్రాన్స్‌లో గ్రెగ్ లెమాండ్‌కి సాయం చేస్తానని మాటిచ్చిన బెర్నార్ ఇనో, తీరా రేసులో పదేపదే దాడులు చేసి, ఇదంతా ప్రత్యర్థుల్ని అలసగొట్టడానికేనని వివరణ ఇచ్చాడు. ఆఖరికి లెమాండే గెలిచాడు, ఇనో రెండోవాడయ్యాడు. అది ఐదుసార్లు టూర్ గెలిచిన మహానుభావుడి స్థాయి ద్రోహం. దానికి ఎంతో నైపుణ్యం కావాలి. మావాడు అదే పని నిష్కల్మషంగా చేస్తాడు కాబట్టి కోప్పడటానికి కూడా వీల్లేదు.

ఇన్ని కష్టాల మధ్య మేం ఒక విధానానికి వచ్చాం. మొదటి సూత్రం, అతను ఎప్పుడూ ముందే ఉండాలి. వెనకవాడి ముందు చక్రం ముందువాడి వెనక చక్రం పక్కదాకా వచ్చి దానికి తగిలితే, సాధారణంగా పడేది వెనకవాడే. బలభీముడి ముందు ఎవరూ లేకపోతే అతని చక్రం ఎవరికీ తగలదు. అతని భద్రత, మన సుఖం రెండూ ఒకే ఏర్పాటుతో తీరాయి. ఇంత చక్కటి ఏర్పాటుని స్వార్థం అనేవాళ్లకి నేను చెప్పేదేం లేదు.

రెండోది, ఒక రేసుకి ఒకే ఆజ్ఞ. రెండు చెప్తే రెండూ ఒకేసారి చేస్తాడు. ఒకసారి, “ఆ ఎర్ర జెర్సీ వెనక చక్రం వదలకు తమ్ముడూ” అన్నాం. సగం దూరంలో ఎర్ర జెర్సీకి పంక్చరైంది. అతను పక్కకి ఆగాడు. బలభీముడూ ఆగాడు. ట్యూబు మార్చేదాకా బుద్ధిగా నిలబడి, మళ్లీ అతని వెనకే బయల్దేరాడు. ఎర్ర జెర్సీకి ఆ రోజు నుంచి మా జట్టంటే వల్లమాలిన అభిమానం. అయినా ఆజ్ఞ పాటించడంలో మావాడి చిత్తశుద్ధిని మెచ్చుకోవాలి.

ఇక ఆఖరి మలుపులు రాకముందే అతని కాళ్లు ఖాళీ అయిపోవాలి. గుంపు వేగం బాగా పెరిగే ఆ చోట అతను ఉండకపోవడం అందరికీ మంచిది. అక్కడిదాకా మోయించుకుని, అక్కడినుంచి మేం స్ప్రింట్‌కి వెళ్తాం. రేసయ్యాక ఫలితాల పట్టికలో అతని పేరు కోసం చాలా కిందికి వెతకాలి. అప్పుడు భుజం తట్టి, “సగటు ఎన్ని వాట్లు?” అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న మర్చిపోకూడదు. అతను ఎప్పుడూ మాకంటే పెద్ద అంకె చెప్పి, వెలిగిపోతూ ఇంటికెళ్తాడు.

జట్టులో ఒకరిద్దరు మెత్తని మనసువాళ్లు ఉన్నారు. ఖాళీ మైదానంలో, గడ్డి మీద, నెమ్మదిగా భుజం భుజం తాకించుకుంటూ తొక్కిస్తే అతనికి భయం పోతుందంటారు. సీసా తీయడం, సైకిల్ పక్కకి పోకుండా వెనక్కి చూడటం, మలుపుకి ముందే వేగం తగ్గించడం, ఇవన్నీ కొన్ని వారాల్లో వచ్చేస్తాయట. వస్తాయి, అదే నా భయం కూడా. అతనికి లేనిది వారాల్లో వస్తుంది. మాకు లేని కాళ్లు ఏళ్ల తరబడి తొక్కినా రాలేదు. ఈ బేరంలో ఎవరు నష్టపోతారో లెక్క వేసుకోండి. సీనియర్లం సమావేశమై, అతను ఇంకా ‘ఆ స్థాయికి’ రాలేదని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఏ స్థాయికో తీర్మానంలో రాయలేదు.

అందుకే పోయిన రేసులో జరిగింది మమ్మల్ని కలవరపెడుతోంది. ఆఖరి కిలోమీటర్లలో ఎప్పట్లాగే అతను ముందు, మేమంతా వెనక. ఉన్నట్టుండి తల తిప్పి వెనక్కి చూశాడు. సైకిల్ గీత గీసినట్టు తిన్నగానే పోతోంది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. మమ్మల్ని ఒక్కొక్కళ్లనీ చూశాడు. తర్వాత మోచెయ్యి బయటికి ఊపాడు, రెండుసార్లు. మేం అలవాటుగా ఆకాశం వంక చూశాం. అతను వేగం తగ్గించాడు. మేమూ తగ్గించాం. అతను ఇంకా తగ్గించాడు. ఈలోగా గుంపు మొత్తం మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది.

మోచేతి సంకేతం అతనికి ఎవరు నేర్పారన్న దాని మీద విచారణ జరుగుతోంది. ఈలోగా జట్టు తరఫున అతనికి పెద్ద స్క్రీనున్న కొత్త సైకిల్ కంప్యూటర్ బహూకరిస్తున్నాం. అందులో చూడ్డానికి చాలా అంకెలున్నాయి, మెడ పూర్తిగా వంచితే గానీ కనిపించవు.