వేసవి సియాటెల్‌లో, చలికాలం మాస్కోలో: సూ బర్డ్ కెరీర్‌లో లెక్కకు రాని సగం

సియాటెల్‌లోని క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా బయట 2025 ఆగస్టులో సూ బర్డ్ కాంస్య విగ్రహం వెలిసింది. అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఒక జట్టు తన క్రీడాకారిణికి విగ్రహం నిలపడం అదే మొదటిసారి. నాలుగు లీగ్ టైటిళ్లు, ఐదు ఒలింపిక్ స్వర్ణాలు, 13 ఆల్‌స్టార్ ఎంపికలు, 580 ఆటలు, 3,234 అసిస్టులు (సహచరి బుట్టలో వేసేలా అందించిన పాసులు). లీగ్‌లో అడుగుపెట్టిన 2002 నుంచి రిటైరైన 2022 వరకు ఆమె వేసుకున్నది ఒక్క సియాటెల్ స్టార్మ్ జెర్సీయే. నలభై దాటినా ఆడగలిగిందంటే కారణం క్రమశిక్షణేనని, తిండి, నిద్ర, వ్యాయామం విషయంలో ఆమె చూపిన పట్టుదలేనని చాలామంది రాశారు, ఇంకా రాస్తున్నారు. అందులో అబద్ధం లేదు, కానీ అది సగం నిజమే. ఆ ఇరవై ఏళ్లలో సుమారు పదేళ్లపాటు బర్డ్ ఏడాదికి రెండు సీజన్లు ఆడింది. ఆ రెండో సీజన్‌ను పక్కనపెట్టి ఆమె కెరీర్‌ను అంచనా వేయడం సరికాదని నా అభిప్రాయం.

ముందు ఆమె ఆట గురించి చెప్పాలి. ఐదడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు ఆ లీగ్‌లో ఏమంత ఎత్తు కాదు. ఆమెకు మెరుపు వేగమూ లేదు, గాల్లోకి లేచి అబ్బురపరిచే దూకుడూ లేదు. బంతిని నడిపించి సహచరులకు అందించే పాయింట్ గార్డ్‌గా ఆమె బలమంతా సమయం తెలియడంలో ఉంది. సహచరి వచ్చి ప్రత్యర్థికి అడ్డుగా నిలబడుతుంది. ఆ అడ్డు చుట్టూ బర్డ్ బంతిని నేలకు తడుతూ నెమ్మదిగా మళ్లుతుంది. ఆ క్షణంలో ఇద్దరు డిఫెండర్లు తమలో ఎవరు ఎవరిని పట్టుకోవాలో తేల్చుకోవాలి. బర్డ్ తొందరపడదు, వాళ్లలో ఒకరి పాదం తన వైపు కదిలేదాకా ఆగుతుంది. ఆ పాదం కదిలిన మరుక్షణమే బంతి ఖాళీ అయిన చోటుకు, అక్కడికి ఇంకా పూర్తిగా చేరుకోని సహచరి చేతుల్లోకి వెళ్లిపోతుంది. 2020 ఫైనల్స్ తొలి ఆటలో, నలభై నిండటానికి సరిగ్గా రెండు వారాల ముందు, ఆమె ఇలాంటి 16 అసిస్టులు అందించింది. ఫైనల్స్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. వయసుతో కాళ్లలో సత్తువ తగ్గవచ్చు గాని ఈ చూపు తగ్గదు, పైగా పదునెక్కుతుంది. పాయింట్ గార్డ్ కెరీర్ మిగతా స్థానాల వారి కంటే సుదీర్ఘంగా సాగే అవకాశం ఉండటానికి కారణం ఇదే. అయితే ఆ చూపును కోర్టు మీదికి మోసుకెళ్లాల్సింది మోకాళ్లే.

ఆ మోకాళ్ల కథ తొందరగానే మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సయోసెట్‌లో పెరిగి కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో చేరిన బర్డ్ 1998లో తొలి సీజన్ ఎనిమిది ఆటలకే మోకాలి లిగమెంట్ తెగి కూర్చుంది. కోలుకుని 2000, 2002లలో జాతీయ టైటిళ్లు గెలిచింది. 2002 జట్టయితే ఆడిన 39 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. ఆ ఏడాదే, లీగ్ జట్లు కొత్త క్రీడాకారిణులను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో మొదటి ఎంపికగా సియాటెల్ ఆమెను తీసుకుంది.

అసలు విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది. దేశమంతా పేరు తెలిసిన క్రీడాకారిణికైనా ఆ లీగ్ ఇవ్వగలిగే జీతానికి గట్టి పరిమితి ఉండేది. 2019లో కూడా ఆ గరిష్ఠ పరిమితి లక్షా 17 వేల డాలర్ల దగ్గరే ఉంది. అందుకని వేసవిలో అమెరికాలో సీజన్ ముగియగానే అగ్రశ్రేణి క్రీడాకారిణులు విమానమెక్కి యూరప్‌కో చైనాకో వెళ్లేవారు, వసంతంలో తిరిగివచ్చి మళ్లీ బరిలోకి దిగేవారు. బర్డ్ రష్యా వెళ్లింది. మొదట మాస్కో డైనమో, తర్వాత స్పార్టాక్, చివరికి ఉరల్ పర్వతాల దగ్గరి యెకాతెరిన్‌బర్గ్ క్లబ్బు. ఆ దేశపు క్లబ్బులు ఇచ్చిన పారితోషికం సియాటెల్ జీతానికి అనేక రెట్లు. యూరప్ జట్లలో అమెరికన్ల సంఖ్యపై ఉన్న పరిమితి అడ్డురాకుండా ఆమె 2006లో ఇజ్రాయెల్ పౌరసత్వం కూడా తీసుకుంది. 2007 నుంచి 2010 దాకా వరసగా నాలుగేళ్లు స్పార్టాక్‌తో యూరప్ క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ యూరోలీగ్ టైటిల్ గెలిచింది. ఆ క్లబ్బును తన సొమ్ముతో నడిపిన వ్యాపారి షబ్తాయ్ కల్మనోవిచ్‌ను 2009 నవంబరులో మాస్కో నడివీధిలో కాల్చి చంపారు. సీజన్ మాత్రం ఆగలేదు. మరుసటి వసంతంలో స్పార్టాక్ మళ్లీ యూరప్ విజేత అయింది, ఆ వేసవిలో స్టార్మ్ లీగ్ విజేత అయింది, బర్డ్ రెండు చోట్లా ఆడింది. పేరు తెచ్చింది సియాటెల్, బతుకు నిలిపింది మాస్కో.

ఈ ఏర్పాటు ఎంత తలకిందులైనదో ఆమె ఆప్తమిత్రురాలు, తోటి క్రీడాకారిణి డయానా టొరాసీ ఉదంతం చెబుతుంది. 2015లో యెకాతెరిన్‌బర్గ్ క్లబ్బు టొరాసీకి డబ్బిచ్చి మరీ ఆ వేసవి అమెరికాలో ఆడకుండా విశ్రాంతి తీసుకోమంది. సొంత దేశపు లీగ్‌లో ఆడటం కంటే ఆడకపోవడమే లాభసాటిగా మారిందన్నమాట.

బర్డ్ శరీరం కూడా ఆ మూల్యం చెల్లించింది. 2013లో యెకాతెరిన్‌బర్గ్‌తో ఐదో యూరోలీగ్ టైటిల్ గెలిచిన ఏడాదే ఎడమ మోకాలి శస్త్రచికిత్స వల్ల స్టార్మ్ సీజన్ మొత్తానికి దూరమైంది. 2014 తర్వాత ఆమె చలికాలపు ఆటకు స్వస్తి చెప్పింది. ఆ తర్వాత జరిగింది గమనించాలి. 2018లో, 37 ఏళ్ల వయసులో, ఆటకు సగటున 7.1 అసిస్టులతో కెరీర్‌లోనే అత్యుత్తమ సీజన్ ఆడింది. బంతిని అందుకోవడానికి జ్యువెల్ లాయిడ్, బ్రియానా స్టీవర్ట్ లాంటి మేటి యువ క్రీడాకారిణులు పక్కన ఉన్నారు కదా అనవచ్చు. నిజమే, ఆ తోడు లేకుండా ఆ సంఖ్య వచ్చేది కాదు. కానీ ఏడాదికి ఆరు నెలలు విశ్రాంతి దొరకని కాళ్లతో ఆమె 37 దాకా వచ్చి వాళ్లతో ఆడగలిగేదా అన్నది నా ప్రశ్న.

ఆ ఏడాది సెమీఫైనల్ ఐదో ఆట ఆమె కెరీర్‌కు అద్దం పట్టే ఘట్టం. అంతకు ముందు ఆటలో ముక్కు విరిగింది, కెరీర్‌లో అది ఐదోసారి. రెండు రోజుల తర్వాత సెప్టెంబరు 4న ముఖానికి మాస్కు తగిలించుకుని టొరాసీ జట్టు ఫీనిక్స్‌పై బరిలోకి దిగింది. గెలిచినవాళ్లకే ఫైనల్. చివరి క్వార్టర్‌లో స్టార్మ్ వెనుకబడి ఉన్నప్పుడు, ఎప్పుడూ ఇతరులకు బంతి అందించే ఈ గార్డ్ తానే షాట్లు వేయడం మొదలుపెట్టింది. ఆమె చేసిన 22 పాయింట్లలో 14 ఆ క్వార్టర్‌లోనివే. స్టార్మ్ గెలిచి ఫైనల్‌లో వాషింగ్టన్‌ను వరసగా మూడు ఆటల్లో ఓడించింది.

మరుసటి ఏడాది స్టీవర్ట్ వంతు వచ్చింది. 2019 ఏప్రిల్‌లో హంగరీలోని షోప్రాన్‌లో రష్యా క్లబ్బు డైనమో కుర్స్క్ తరఫున యూరోలీగ్ ఫైనల్ ఆడుతూ ఆమె మడమ పైనున్న అకిలిస్ స్నాయువు తెగింది. లీగ్‌లో అత్యంత విలువైన క్రీడాకారిణిగా ఎంపికైన మనిషి తన దేశపు సీజన్ మొత్తం కోల్పోయింది. ఆ వేసవి బర్డ్ కూడా మోకాలి శస్త్రచికిత్సతో బయటే ఉంది. క్రీడాకారిణుల సంఘం ఉపాధ్యక్షుల్లో ఒకరిగా బర్డ్ పాలుపంచుకున్న చర్చల ఫలితంగా 2020 జనవరిలో కుదిరిన ఒప్పందం గరిష్ఠ జీతాన్ని 2 లక్షల 15 వేల డాలర్లకు పెంచింది. విగ్రహం పక్కన చెక్కే పతకాల జాబితాలో ఈ ఒప్పందానికి చోటుండదు గాని నా దృష్టిలో దాని విలువ ఒక టైటిల్‌కు తక్కువ కాదు.

2022 సెప్టెంబరు 6న లాస్ వేగస్ ఏసెస్ చేతిలో 97-92 తేడాతో ఓడి బర్డ్ కెరీర్ ముగించినప్పుడు సియాటెల్ ప్రేక్షకులు కదలకుండా నిలబడి ఆమె పేరు పిలుస్తూ ధన్యవాదాలు చెప్పారు. సరిగ్గా అదే సమయంలో, బర్డ్ ఒకప్పుడు ఆడిన యెకాతెరిన్‌బర్గ్ క్లబ్బుకే ఆడటానికి వెళ్తూ మాస్కో విమానాశ్రయంలో అరెస్టయిన డబ్ల్యూఎన్‌బీఏ క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్ తొమ్మిదేళ్ల శిక్ష పడి రష్యా చెరలో ఉంది. డిసెంబరులో ఖైదీల మార్పిడి జరిగితేగాని ఆమె ఇల్లు చేరలేదు. 2025 జనవరిలో స్టీవర్ట్, మరో క్రీడాకారిణి నఫీసా కోలియర్ కలిసి స్థాపించిన అన్‌రైవల్డ్ లీగ్ మయామీలో మొదలైంది. చలికాలంలో, సొంత దేశంలో, సగటున 2 లక్షల డాలర్లు దాటిన జీతంతో ఆడే లీగ్ అది. అప్పటికి బర్డ్ ఆట మానేసి రెండేళ్ల నాలుగు నెలలైంది.