రేకు మందం సరే, వెల్డింగు మాటేంది?
రేకు ఎంత మందముంటే వర్క్‌షాపు ట్రాలీ అంత కాలం మన్నుతదని వ్యాసంలో రాశారు. నేను సగమే ఒప్పుకుంటా. మిర్యాలగూడలో మా రైస్ మిల్లు వర్క్‌షాపులో మోటర్లు, రబ్బర్ రోలర్లు మోసే ట్రాలీ 16 గేజ్ రేకుదే, అంటే 1.5 మిల్లీమీటర్లకు కాస్త పైనే. ఆ రేకు ఇప్పటికీ చెక్కుచెదరలే. పోయింది కాళ్ల దగ్గర. చక్రం ప్లేటుకు చుట్టూ వెల్డింగు కొట్టకుండా నాలుగు మూలలా చుక్కల్లెక్క వెల్డింగు టాకాలేసి, పైన పెయింట్ పూసి పంపిండ్రు. బరువు మీదున్నప్పుడు గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ టాకాల పక్కనుంచే పగులు పాకింది. ఇంకోటి, నాలుగు చక్రాలున్నయి కదా అని ఒక్కో చక్రం మోసే బరువును నాలుగుతో లెక్కగడతరు. మన మిల్లుల ఫ్లోరింగు సంగతి తెలిసిందే, ఎగుడుదిగుడు మీద ఒక చక్రం గాల్లోనే ఉంటది, భారమంతా మూడింటి మీదే. లెక్క కూడా మూడింటికే కట్టాలె. ఊక దుమ్ముకు సీలు (దుమ్ము చొరనీయని మూత) లేని చక్రం బేరింగు పట్టేస్తది, ఇగ తోసుడు కాదు ఈడ్చుడే. పౌడర్ కోటింగు (రంగు పొడి చల్లి కాల్చే పూత) కూడా అంతే, రేకు మీది నూనె, తుప్పు సరిగ్గా కడగకుండా కొడితే పొరలు పొరలుగా లేస్తది. కొనేటప్పుడు ట్రాలీని బోర్లించి కింద వెల్డింగు చూడండి, రేకు మందం తర్వాత కొలవొచ్చు.